మూడొందల ఏళ్ళ సోమరి

“మూడొందల ఏళ్ళు బతికి, కత్తి తిప్పడం నా ఇరవై రెండేళ్ళ పిల్లతో సమానంగానే వచ్చిందా? అన్నాళ్ళూ గాడిదలు కాశాడా మీ యక్షుడు?”

ఆట ఆగిపోయింది. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో, చూపు పరీక్షించే అక్షరాల పటం కింద, ఆదివారం మధ్యాహ్నాలు నలుగురు పెద్దవాళ్ళు పాచికలు వేస్తూ, లేని మనుషులుగా బతికే ఆట అది. ప్రశ్న వేసింది కొత్తగా చేరిన పళ్ళ డాక్టరు. ఇరవై రెండేళ్ళ పిల్ల ఆమె పాత్ర. యక్షుడి పాత్ర షాపతని బావది. నాలుగో మనిషి షాపతని అక్క. ఆట నడిపేదీ, రూల్స్ రాసేదీ షాపతను. అందరికీ అతను అద్దాలబ్బాయి.

“బ్యాలెన్స్ కోసమండీ. వయసుకు తగ్గ విద్యలన్నీ ఇచ్చేస్తే ఇక యక్షుడొక్కడే ఆడుకోవాలి.”

“అది లెక్క. నేనడిగింది కారణం. వచ్చే ఆదివారానికి చెప్పండి. ఆ మర్నాడు నేనో పెద్ద ఆసుపత్రికి, ఉద్యోగానికి వస్తానో రానో చెప్పాలి. చాలా దూరం.”

అబ్బాయి మొహం పాలిపోయింది. ఆమె కళ్ళజోడు కోసం వచ్చిన తొలిరోజు నుంచీ అతను ఒక మాట చెప్పాలనుకుంటున్నాడు. ప్రేమ గుడ్డిదంటారు. ఇతని చూపుకు లోపం లేదు, పడిపోయింది నోరే.

ఆమె వెళ్ళాక అక్క అందుకుంది. “ఆమె ఫ్రేమ్ స్క్రూలు వదులుగా పెట్టి పంపిస్తావు, మళ్ళీ బిగించుకోడానికి వస్తుందని. ఇంతేనట్రా నీ ప్రేమ? చెప్పేడువు!”

“చూద్దాంలే అక్కా.”

మరుసటి ఆదివారం అతను కొత్త రూలు చదివాడు. “ఎక్కువకాలం బతికేవాళ్ళు ఏ పని చెయ్యాలన్నా ముందు పాచిక వెయ్యాలి. నాలుగుకు తక్కువ పడితే ‘తర్వాత చూద్దాం’ అనేసి ఊరుకుంటారు. అందుకే ఏ విద్యా పూర్తిగా రాదు. మనుషులకు ఈ పాచిక లేదు. వాళ్ళకు అంత తర్వాత లేదు.”

కాసేపటికే డాక్టరు ఆడే పిల్ల ఏట్లో పడింది. యక్షుడు ఒడ్డునే ఉన్నాడు. చెయ్యందించడానికి బావ పాచిక వేశాడు. రెండు. మళ్ళీ వేశాడు. మూడు.

“తర్వాత చూద్దాం,” అన్నాడు సిగ్గుపడుతూ. పిల్ల కొట్టుకుపోయింది.

డాక్టరు కళ్ళజోడు తీసింది. “కారణం బాగుంది. ఎక్కడ దొరికింది?”

“అద్దంలో.”

ఆమె నవ్వలేదు. పాచికను అతని ముందుకు తోసింది. “అయితే వెయ్యండి.”

అతను దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. “నేను మనిషినండీ, నాకు పాచిక లేదు. మీరంటే నాకిష్టం. మీ స్క్రూలు వదులు చేసింది నేనే.”

“రెండోసారికే తెలిసింది. అలాంటి చిన్న స్క్రూలే నేను జనాల దవడల్లో బిగిస్తాను.” ఇప్పుడు నవ్వింది. “ఆసుపత్రికి మాత్రం వస్తాననే చెప్తాను. ఆ ఊళ్ళో జనానికి చత్వారం రాదా? అక్కడో షాపు చూసుకో.”

“తర్వా...” అతను నాలుక కరుచుకున్నాడు. “రేపే వెతుకుతా.”

“రేపా?”

“ఇవాళే!”

అక్క కళ్ళు తుడుచుకుంది. బావ చెయ్యి చాపాడు. “ఒరేయ్, ఆ పాచిక ఇటివ్వు. పాపం, ఆ పిల్ల ఇంకా నీళ్ళలోనే ఉంది.”

ఆరు పడింది. దీనికి ప్రేమతో ఏ సంబంధమూ లేదు. ఆరింట ఒక వంతు అవకాశం ఎప్పుడూ ఉంటుంది.