చెరి పదిహేను కిలోలు

"ఇక పదిహేను కిలోల వరకు ఎత్తొచ్చు" అన్నాడు డాక్టరు, నా నడుము ఎక్స్‌రే పక్కన పెట్టి. నాలుగు నెలలుగా నీళ్ళ బకెట్ కూడా ముట్టనివ్వని మనిషి ఆయన. బయటికొచ్చి మొదట మా ఆవిడకే ఫోన్ చేశాను. మా ఆవిడ అనడం నాకింకా కొత్త. పెళ్ళయి పంతొమ్మిది రోజులే.

తను మా షాపు గోడౌన్ ఇన్‌ఛార్జి. నేను పనిలో చేరిన రోజు, నా భుజం దాకా కూడా రాని ఓ అమ్మాయి తనకంటే ఎత్తైన ఫ్రిజ్‌ని ఒక్కతే నడిపించుకొస్తోంది. కింద పాత దుప్పటి, వెనక తన భుజం, అంతే. అంత బరువు చప్పుడు లేకుండా జారుతుంటే ఏనుగుని పిల్లి తోలుకొస్తున్నట్టుంది. అలా చూస్తూ ఉండిపోయాను.

"నోట్లో ఈగలు దూరతాయి. పక్కకి జరుగు, పహిల్వాన్" అంది. ఆ పేరే ఖాయమైపోయింది.

ఆ గోడౌన్‌లో ఒకటే చట్టం. ఎత్తాలంటే ఇద్దరుండాలి. ఒకరు "సిద్ధమా?" అనాలి, రెండోవాళ్ళు "సిద్ధం" అన్నాకే లేపాలి. నాకది పిల్లల ఆటలా ఉండేది. ఓ మధ్యాహ్నం తను చూస్తోందని వాషింగ్ మెషీన్ ఒక్కడినే లేపి, అలాగే పక్కకి తిరిగాను. నడుములో ఏదో టప్‌మంది. కళ్ళు తెరిచేసరికి నేలమీదున్నాను. మెషీన్‌కి మాత్రం గీత పడలేదు.

తను తిట్టలేదు. నాకు అసలు భయం అక్కడే పుట్టింది. రోజూ డ్యూటీ దిగి మా ఇంటికొచ్చి, నన్ను నొప్పి లేకుండా ఎలా ఒత్తిగిలించాలో అమ్మకి నేర్పింది. నాకంటే ముందు అమ్మే తన ప్రేమలో పడింది.

మళ్ళీ బరువెత్తగలనో లేదో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. అయినా ఒకరోజు గోడ పట్టుకుని నిలబడి, తనతో "సిద్ధమా?" అన్నాను.

దేనికని అడగలేదు. జవాబు వచ్చేదాకా నేనూ కదల్లేదు.

"ఇప్పటికి నేర్చుకున్నావు" అంది. నా పక్కకొచ్చి నిలబడి, "సిద్ధం" అంది.

ఇవాళ ఫోన్లో పదిహేను అనగానే అవతల చప్పుడు లేదు. ఏడుస్తోందనుకున్నాను. లెక్కేస్తోందట.

"మా అమ్మ నాకిచ్చిన కుట్టుమిషన్ ముప్పై కిలోలు. నీ కోసమే ఇన్నాళ్ళూ పుట్టింట్లో ఉంచాను. చెరి పదిహేను. రేపు పొద్దున ఏడింటికి వెళ్ళి తెచ్చుకుందాం. నువ్వు ఆ పక్క, నేను ఈ పక్క."