పీచ్ కాయలకు లుత్ఫీ చొక్కా

గురువారం పొద్దున్నే వసీలా ఇస్త్రీపెట్టె వేడిచేసింది. భర్త లుత్ఫీ చనిపోయి మూడేళ్లయినా అతని చొక్కాలు వారం వారం ఉతికి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాల్సిందే. అది అత్తగారు మన్నూబియా పెట్టిన నియమం. ఆ రాస్ జబల్ ఊళ్లో వసీలా బజారుకు వెళ్లాలన్నా ఆవిడ తోడుండాలి. బిజెర్తె పట్నంలో కుట్టుదుకాణం పెట్టిన అక్క హస్నా "వచ్చి నాతో ఉండవే" అని పిలిచినప్పుడల్లా మన్నూబియా గుండె పట్టుకుని కూలబడేది.

పెరట్లో లుత్ఫీ నాటిన పీచ్ చెట్టు ఉంది. నిరుడు కాయలకు రంగు రాగానే ఈగలు పొడిచి గుడ్లు పెట్టాయి. కోసిన ప్రతి పండులోనూ పురుగే. "వాడి చెట్టు పండు ఒక్కటీ నోట్లో పెట్టుకోలేకపోయానే" అని మన్నూబియా ఏడ్చింది. అందుకే ఈసారి పచ్చికాయలప్పుడే పాత దుప్పటి చింపి, సంచులు కుట్టి తొడిగారు. పైకొమ్మలు మిగిలుండగానే దుప్పటి అయిపోయింది.

"ప్లాస్టిక్ సంచులు కడితే పోలా?" అంది మన్నూబియా.

"చెమ్మపట్టి కుళ్లిపోతాయి అత్తమ్మా. గాలాడే గుడ్డ కావాలి. నేను బజారుకెళ్లి తెస్తాను."

"ఒక్కదానివా? నా మోకాళ్ల నొప్పి తగ్గనీ, చూద్దాం."

ఆవిడ వెళ్లి పడుకుంది. వసీలా చేతిలో నీలిచారల చొక్కా ఉంది. ఇస్త్రీకి అరిగి అరిగి కాలరు దగ్గర పల్చబడిపోయింది. దాన్ని చాలాసేపు చూసి, కత్తెర తీసుకుంది.

మధ్యాహ్నం వసీలా నిచ్చెనెక్కి పైకొమ్మల కాయలకు నీలిచారల సంచులు తొడుగుతుంటే పెరడు దద్దరిల్లింది.

"ఇది నా బిడ్డ చొక్కా! నీకు చేతులెలా వచ్చాయే?"

వసీలా నిచ్చెన దిగలేదు. "మూడేళ్లు ఇస్త్రీ చేసిన చేతులే అత్తమ్మా."

"వాణ్ణి మరిచిపోదామనా?"

"మరిచిపోతే ఆయన చెట్టెందుకు ఎక్కుతాను? చొక్కాలతో పాటు నన్నూ బీరువాలో పెట్టేశారు. నేను బతికే ఉన్నాను. నాకు ఊపిరాడట్లేదు!"

మన్నూబియా ఒక సంచిని గుప్పిట పట్టి లాగబోయి ఆగింది. ముఖానికి ఆనించుకుంది.

"సబ్బు వాసనే," అంది. "వాడి వాసన మొదటేడే పోయింది. నాకు తెలుసు. ఈ చొక్కాల ఇస్త్రీ ఆపేస్తే నువ్వూ వెళ్లిపోతావని భయపడ్డానే. ఆ తర్వాత ఈ ఇంట్లో నన్ను పలకరించే దిక్కెవరు?"

వసీలా దిగివచ్చి ఆవిణ్ణి పొదివి పట్టుకుంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"వెళ్తాను అత్తమ్మా. కానీ ప్రతి శుక్రవారం వస్తాను. ఇద్దరం కలిసే తిందాం."

మన్నూబియా చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని నిచ్చెన పట్టుకుంది.

"ఎక్కు. ఆ చివరి కొమ్మ వదిలేశావు."

పళ్లు కోసినప్పుడు వెతికినా పురుగు కనబడలేదు. బిజెర్తె బస్సెక్కి కూర్చున్న వసీలాకు మన్నూబియా కిటికీలోంచి నిండు బుట్ట అందించింది.

"దారిలోనే అన్నీ మింగెయ్యకు. మీ అక్కకు మిగల్చు," అని కసిరి, బస్సు కదిలేలోగానే ముఖం తిప్పుకుంది.