ఎడమవాటపు అన్నం

కార్తిక మాసపు తొలి సోమవారం, ప్రత్యూషవేళ, నేనూ, నా ఇల్లాలు రావమ్మా, కృష్ణానదీ స్నానానికై కృష్ణలంక మెట్లు దిగాము. దూరాన బ్యారేజీ దీపాలు నీటిలో నిశ్చలంగా ఉన్నాయి. కర్పూరం, తడి పసుపు, బురద కలగలిసిన వాసన. ఆమె మూడు మునకలు వేసింది. మూడవది కొంత దీర్ఘమైంది. లేచి నవ్వింది. అంతే.

ఆనాటి నుండి తింటూనే ఉన్నది. పప్పన్నం, పెరుగన్నం, మరల పప్పన్నం... అయినను చిక్కిపోతున్నది. పన్నెండు దినాలలో తొమ్మిది కిలోలు తగ్గింది. ఎడమ చెంపన ఉండే పుట్టుమచ్చ కుడి చెంపకు చేరింది. ఎవరినీ ఉపేక్షించని మా పేట దోమలు ఆమెపై వాలి, ఏమి తోచెనో, లేచిపోయేవి.

గుండె కుడివైపున ఉన్నదనీ, ఇదే తీరున సాగితే వారం మించి బ్రతకదనీ వైద్యులు చెప్పారు.

రావమ్మ తమ్ముని కూతురు ఉషశ్రీ కళాశాలలో జీవరసాయనం బోధిస్తుంది. మేనత్త రక్తం పరీక్షించి ఆ సాయంకాలం వచ్చింది. ముఖం పాలిపోయి ఉన్నది.

"మామయ్యా, ఎడమ చెప్పు కుడికాలికి పడుతుందా?"

"పొడుపుకథలకు ఇదా సమయం తల్లీ?"

"కథ కాదు మామయ్యా. మనిషైనా, చేపైనా, కందిపప్పైనా, ఒంట్లో ప్రోటీన్లు అల్లుకునేది అమైనో ఆమ్లాలతో. అవన్నీ ఎడమవాటానివే. అద్దంలో నీడలాగా కుడివాటానివీ ఉంటాయి గానీ మనకు ఒంటపట్టవు. అత్తయ్య ఒళ్లంతా..." గొంతు తగ్గించింది. "కుడివాటమే."

ప్రయోగశాల నుండి తెచ్చిన కుడివాటపు తెల్లని పొడిని నీళ్లలో కలిపి అందించింది. రావమ్మ గటగట త్రాగి, పెదవులు నాకి, కన్నులు మూసుకున్నది.

"ఇన్నాళ్లకు... అన్నం పెట్టారు."

చెక్కిళ్లకు రంగు వస్తున్నది.

"అమ్మా," అన్నాను. భార్యను అట్లా పిలిచిన స్పృహ తరువాత కలిగింది. "నీవెవరు? నా రావమ్మ ఏది?"

ఆమె నా చెవి చెంతకు వంగింది. ఊపిరికి నదీజలపు వాసన.

"నేను పైకి వస్తే ఆవిడ కిందకి పోయిందండీ. అక్కడి తిండి ఆవిడకి పట్టదు. పాపం... ఆకలి, ఆకలి అంటోంది."

స్వహస్తాలతో పప్పన్నం వండాను. అరటాకులో పొట్లం కట్టి, పొడవాటి నారతో బిగించాను.

"వద్దు మామయ్యా... ఇది చెప్పేది అత్తయ్య కాదు."

"చెప్పింది ఎవరైతేనేమి? ఆకలితో ఉన్నది నా భార్య."

మెట్లు దిగేసరికి సంధ్య. గాలి లేదు. అల లేదు. నడుము లోతున నిలిచి, కృష్ణమ్మకు మ్రొక్కి, పొట్లం వదిలాను. నార కొస నా చేతిలోనే ఉన్నది.

ఒక క్షణం... రెండు...

నార బిగిసింది. ఎవరో అందుకున్నారు. చాలాసేపు అట్లాగే ఉన్నది. పిదప సడలింది.

లాగాను. విప్పాను. ఒక్క మెతుకు తగ్గలేదు.

అప్పుడు స్ఫురించింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో, నేను తినక మునుపు రావమ్మ ముద్ద ముట్టి ఎరుగదు.

నదిలో మునిగి వచ్చిన అన్నం పొగలు కక్కుతున్నది. నడుమ వ్రేళ్లతో చేసిన గుంట. దాని నిండా కాగిన నెయ్యి...

నేను నెయ్యి వేయలేదు.