తెర మీది పిల్లకు ఐవీ చెప్పిన మాటలు

మా టీవీలో ఎవరు మాట్లాడినా ఆ మాటలు కింద అక్షరాల్లో కూడా పడేవి. అలా పెట్టించింది నా మనవరాలు టెస్సా. నాకు చెవుడొచ్చి కాదు. నేను చదువు నేర్చుకున్నదే ముసలితనంలో, చర్చి కింది గదిలో, పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని. నేర్చుకున్నది పోకుండా ఉండాలంటే రోజూ చదవాలి కదా. పుస్తకం పడితే నాకు నిద్రొస్తుంది. టీవీలో అయితే అక్షరాలు పరిగెత్తేవి, వాటి వెనకాల నేనూ పరిగెత్తేదాన్ని. సగం అందేవి, సగం పోయేవి. ఒక మాట అందిందంటే చాలు, ఇన్ని చిన్న గీతల్లో మనిషి గొంతు ఎలా పట్టిందా అని వింతపడేదాన్ని.

ఆ సాయంత్రం వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. పొయ్యిలో మొక్కజొన్న రొట్టె కాలుతోంది. టెస్సా ముందుగదిలో సోఫా మీద ముడుచుకుని ఉంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. చలికాలం నుంచీ దానికి నిద్ర లేదు. కాలేజీ మానేసింది. కూర్చున్న చోట కూర్చోలేదు, లేచిన చోట నిలబడలేదు. తెల్లారితే పట్నం ఆసుపత్రిలో చేరాలి. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, రాత్రి డ్యూటీ దిగి వచ్చి మమ్మల్నిద్దరినీ కారులో తీసుకెళ్తుంది. అక్కడి డాక్టరమ్మ మెత్తని మనిషి. "నీకు ఇష్టమైన దిండు తెచ్చుకో. రాగానే నిన్నే అడుగుతాను, నీ మాటల్లో చెబుదువుగాని" అంది. సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టాను. ఈ పిల్ల దాని వంక కూడా చూడలేదు.

"అమ్మమ్మా, నన్ను కట్టేస్తారా?" అని అక్కడినుంచే అడిగింది.

"ఎవరే కట్టేసేది?"

"సినిమాల్లో కడతారుగా."

"సినిమాల్లో పందులు కూడా పాటలు పాడతాయి."

చిన్నగా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

"నువ్వూ ఉన్నావంట కదా అలాంటి చోట. అమ్మ చెప్పింది. ఎలా ఉండేది?"

"చప్పగా ఉండేది తల్లీ. చల్లారిపోయిన ఓట్స్ జావ. గోడవారన కుర్చీలు. రోజంతా ఎవరో వస్తారని చూడడం. దాన్ని ఉన్నదున్నట్టు సినిమా తీస్తే ఒక్కడూ టికెట్టు కొనడు."

అంతవరకే చెప్పాను. మిగతాది ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఇక్కడ రాస్తున్నాను.

*

మా వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆ ఆసుపత్రి కొండ నెత్తిన ఉండేది. నల్లరాతి గోడలు. నా మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ తర్వాత నేను మంచం దిగలేదు. మా ఆయన బొగ్గు లారీలో కూర్చోబెట్టి తీసుకొచ్చి అక్కడ అప్పజెప్పాడు. ఆడవాళ్ళ వార్డు పై అంతస్తులో. ఫినాయిలు వాసన, ఉడికిన క్యాబేజీ వాసన, తడి ఉన్ని వాసన... మూడూ కలిసి దుప్పట్లలోకి ఎక్కేవి.

కొండ కింద, ఏటికి అవతల, కార్లలో కూర్చుని సినిమా చూసే మైదానం ఉండేది. ఎండాకాలంలో చీకటి పడగానే ఆ పెద్ద తెర వెలిగేది. మా కిటికీలకు సరిగ్గా ఎదురుగా. కింద వాళ్ళకు మాటలు వినపడేవి. ప్రతి కారు అద్దానికీ ఒక చిన్న రేకు పెట్టె తగిలించుకునేవాళ్ళు, అందులోంచి వచ్చేవి. మాకు మాత్రం వట్టి బొమ్మ. వార్డు చూసుకునే డోర్కాస్ గారు కిటికీ తెరలు వెయ్యమనాలి, కానీ ఆవిడకూ సినిమా కావాలి. స్వెటర్ అల్లుకుంటూ మాతోపాటే చూసేది.

మాట లేదు కాబట్టి మాటలు మేమే చెప్పేవాళ్ళం. తలా ఒక మనిషిని పంచుకునేవాళ్ళం. లూ అని లావుపాటి పిల్ల ఉండేది, మగవాళ్ళంతా దానివే.

"లూ, నువ్వు షెరీఫువి."

"మళ్ళీ నేనేనా? నిన్న కూడా నన్నే చంపారు."

"నీ గొంతుకి చచ్చే పాత్రలే నప్పుతాయే."

డోర్కాస్ గారు సూదులతోనే నవ్వేది, టకటకమని.

నా పక్క మంచం ఐవీది. ఎముకల గూడులా ఉండేది, తలనిండా ఉంగరాల జుట్టు. కొడుకు పుట్టిన దగ్గర్నుంచీ దీని ఏడుపు ఆగడం లేదని మొగుడు హార్లన్ తెచ్చి వదిలాడు. ఇప్పుడు ఏడుపు ఆగింది. సోమవారం డాక్టర్లందరూ కూర్చుని దాన్ని పిలిచి మాట్లాడిస్తారు. నిదానంగా జవాబులు చెబితే ఇంటికి పంపేస్తారు, లేదంటే ఇంకో ఏడాది. అందుకని రోజూ నా చేత డాక్టరు వేషం వేయించేది.

"నీ పేరేంటమ్మా?" అని నేను గొంతు లావు చేసి అడిగేదాన్ని.

"ఐవీ అండి."

"కొడుకు పేరు?"

"లోనీ అండి. వాడికి పళ్ళొస్తున్నాయండి."

"పళ్ళ సంగతి డాక్టర్లకెందుకే?"

"నాకు చెప్పాలనుంది వెర్నా. అడిగేవాళ్ళు దొరికినప్పుడే కదా చెప్పుకోవాలి."

ఆ వారం కొత్త సినిమా వచ్చింది. తెర మీద పేరు పడితే ఐవీ నాకు చదివి వినిపించింది, అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను.

అది మాలాంటి చోటు గురించే. పొడుగాటి వసారా, ఇనుప మంచాలు, ఊగే దీపం. కానీ మాలాంటి వాళ్ళు ఒక్కరూ లేరు అందులో. ముక్కు చీదేవాళ్ళు లేరు, జావలో చక్కెర కోసం పోట్లాడుకునేవాళ్ళు లేరు. అందమైన పిల్ల ఒకతె, చెదిరిన జుట్టు, కళ్ళ కింద నల్లటి చారలు. మంచానికి కట్టేశారు. ఆ పిల్ల నోరు ఇంత చేసి తెరిచింది... అప్పుడు కిందినుంచి, ఏటి మీదుగా, అన్ని రేకు పెట్టెల్లోంచీ కలిపి ఒక కేక మా కొండ మీదకు వచ్చింది. సన్నగా. ఎప్పుడూ ఏ సినిమా చప్పుడూ మా దాకా రాలేదు. కార్లలో వాళ్ళు సంబరంగా హారన్లు కొట్టారు.

"ఐవీ, ఇది నీకే. జుట్టు కూడా నీదే. గట్టిగా అరిచెయ్యి" అంది లూ.

"నేను అరవను. ఆ పిల్లని ఇందాకట్నుంచి ఒక్కళ్ళయినా ఏమైనా అడిగారా? అడిగితే చెబుతుందిగా."

అని, ఆ తెరిచిన నోటికి మామూలు మాటలు చెప్పింది. "జావలో చక్కెర తగ్గిందండి. నా కొడుకు పేరు లోనీ అండి. వాడికి పళ్ళొస్తున్నాయి. నేను సోమవారం ఇంటికి వెళ్తున్నాను."

పడీపడీ నవ్వాం. అంత పెద్ద నోరు, ఇంత చిన్న మాటలు.

మర్నాడూ అదే సినిమా. ఐవీ అవే మాటలు చెప్పింది. "భలే కుదురుతోందే నీకు" అంది లూ. ఆ తర్వాతి రోజు ఇంకా బాగా కుదిరింది. నోరు ఎక్కడ తెరుచుకుంటే మాట అక్కడ పడుతోంది. నవ్వేవాళ్ళు తగ్గారు.

ఆ మర్నాడు నేను ఒకటి గమనించాను. మాటల మధ్య ఐవీకి దగ్గొచ్చి ఆగింది.

తెర మీద ఆ పిల్ల కూడా ఆగింది. దగ్గు తగ్గేదాకా.

డోర్కాస్ గారి సూదుల చప్పుడు లేదు.

ఆ రాత్రి పక్క మంచం వైపు వంగి గుసగుసగా అన్నాను, "రేపట్నుంచి దానికి చెప్పొద్దే."

"చెప్పకపోతే అరుస్తుంది వెర్నా. దానికి నేను తప్ప ఎవరున్నారు?"

ఆదివారం వచ్చింది. తెల్లారితే డాక్టర్ల పిలుపు. ఐవీ తలంటుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని కిటికీ దగ్గర కూర్చుంది. సబ్బు వాసన వేస్తోంది. ఏటి మీంచి పొగమంచు లేచి కార్లను కప్పేసింది. తెర ఒక్కటే గాల్లో తేలుతున్నట్టుంది.

వసారా వచ్చింది. మంచం వచ్చింది. ఆ పిల్ల రోజూ దీపం వంక చూసి నోరు తెరుస్తుంది. ఆ రోజు దీపం వంక చూడలేదు. మెల్లగా తల తిప్పింది... ఇంకా తిప్పింది... కొండ వైపు. మా కిటికీ వైపు.

"నా కొడుకు పేరు..." అని మొదలుపెట్టి ఐవీ ఆగిపోయింది.

తెర మీది పిల్ల ఆగలేదు.

పెదవులు కదిలాయి. కిందినుంచి, పొగమంచులోంచి, అన్ని రేకు పెట్టెల్లోంచీ ఒకే గొంతు పైకి వచ్చింది. నిదానంగా. "...లోనీ అండి. వాడికి పళ్ళొస్తున్నాయి. నేను సోమవారం ఇంటికి..."

అది ఐవీ గొంతు.

హారన్లు మొదలయ్యాయి. ఈసారి సంబరం కాదు. కేక వినాలని వచ్చినవాళ్ళకు కేక లేదు. ఒక్కో కారు దీపాలు వేసుకుని వెళ్ళిపోతోంది. నేను ఐవీ చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డ.

"ఐవీ... ఏదైనా మాట్లాడవే."

నా వైపు తిరిగింది. నోరు తెరిచింది.

ఆ కేక నాకు తెలుసు. ఆ సినిమా వచ్చిన మొదటి రాత్రి దూరంనుంచి విన్నాను. ఇప్పుడు నా చెవి పక్కన.

మర్నాడు డాక్టర్ల గది బయట నాకు నేల తుడిచే పని పడింది. లోపల పెద్దాయన అడగడం వినపడింది, "నీ పేరేంటమ్మా?" అని. మెత్తగానే అడిగాడు. జవాబుగా మళ్ళీ అదే కేక. తర్వాత ఇంకో గొంతు, కుర్రడాక్టరుది, "అచ్చం సినిమాలోలాగే ఉంది" అంది. హార్లన్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చంకలో పిల్లాడు, పిల్లాడి నెత్తిన కొత్త టోపీ. అలాగే వెనక్కి వెళ్ళాడు.

ఐవీని వెనక భవనంలోకి మార్చారు. ఆకులు రాలేనాటికి నేను ఇంటికొచ్చాను. దాని గొంతు మళ్ళీ వినలేదు.

*

ఇదంతా తలుచుకుంటూ ఉండిపోయాను, రొట్టె మాడు వాసనకు తేరుకున్నాను. ఒళ్ళో చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి. ముందుగదిలో టెస్సా ఏదో మాట్లాడుతోంది, తనలో తాను, తక్కువ గొంతుతో.

"ఎవరితోనే మాటలు?" అన్నాను పొయ్యి కట్టేస్తూ.

"ఏదో పాత సినిమా అమ్మమ్మా. నలుపు తెలుపు. గోల పడలేక సౌండు తీసేశాను. నేనే చెబుతున్నా దానికి మాటలు."

ఆ ఆట సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ.

"ఎందుకు చెబుతున్నావ్?"

"పాపం... ఈ పిల్లని ఎవరూ ఏమీ అడగడం లేదు."

గుమ్మం దాకా వెళ్ళాను. గది చీకటిగా ఉంది. టీవీ వెలుగు గోడల మీద కదులుతోంది. ఎక్కడినుంచో ఫినాయిలు వాసన... క్యాబేజీ వాసన... తడి ఉన్ని. తెర మీద పొడుగాటి వసారా. ఇనుప మంచం. ఊగే దీపం. జుట్టు మాత్రం చెదిరి లేదు, నున్నగా దువ్వి ఉంది.

ఆ పిల్ల నోరు ఇంత చేసి తెరిచింది. కింద అక్షరాలు పడ్డాయి. చూపుడువేలు గాల్లో ఆడిస్తూ చదివాను, చర్చి గదిలో నేర్పినట్టు.

నా కొడుకు పేరు లోనీ. నేను సోమవారం ఇంటికి వెళ్తున్నాను.

ఇన్నేళ్ళ తర్వాత. ఇంకా సోమవారమే.

"ఐవీ..." అన్నాను.

తెర మీది పిల్ల దీపం వంక నుంచి మెల్లగా తల తిప్పింది. నన్ను చూడలేదు. సోఫా వైపు చూసింది.

"టెస్సా, ఆపెయ్యి. ఆపెయ్యి తల్లీ."

టెస్సా కదలలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఇందాకటి మాట వినపడడం లేదు. నేను వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను, టీవీకి అడ్డంగా. చేతులు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"నన్ను చూడు. రేపు డాక్టరమ్మ అడుగుతుంది కదా, నీ మాటల్లోనే చెప్పాలి కదా. ఒక్కసారి నాకు చెప్పు. నీ పేరేంటి?"

నన్ను చూసింది. గుర్తుపట్టింది కూడా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచింది. చెప్పింది. దాని పెదవులు చెప్పడం నేను చూశాను.

చప్పుడు లేదు.

దాని వెనక కిటికీ అద్దంలో టీవీ కనిపిస్తోంది. అక్షరాలు అద్దంలో తిరగబడి ఉన్నాయి, చదవలేకపోయాను. అందుకని తల తిప్పి చూశాను. తెర అంతా నల్లగా ఉంది. వసారా లేదు, మంచం లేదు, ఆ పిల్ల లేదు. అడుగున ఒక్క మాట మాత్రం నిలిచి ఉంది. ఎప్పుడూ పరిగెత్తిపోయే అక్షరాలు ఆ ఒక్కసారి నా కోసం ఆగాయి.

నేను నిదానంగా చదువుతాను. కూడబలుక్కుని చదివాను.

టె... స్సా.