ఒంటితీగ

తలుపు తెరుచుకోమని ఇందుమతి మళ్లీ చెప్పింది. తలుపు వినలేదు.

పొద్దుటి పాఠం మధ్యలో పిల్లల ముఖాలు తెర మీంచి మాయమైతే, తీగల కేంద్రం వాళ్లేదో మరమ్మతు చేస్తున్నారులే అనుకుని ఊరుకుంది. భర్తకి మందులు తెద్దామని బయల్దేరితే గడియ పక్కన పచ్చగా వెలగాల్సిన చుక్క ఆరిపోయి ఉంది. చల్లగాలి పెట్టె హోరు కూడా సన్నగిల్లింది.

"ఏవండీ, తీగ పోయినట్టుంది" అంది.

లోపలి గదిలో సన్యాసిరావు దగ్గు ఆపుకుని, "మనదొక్కటేనా, అందరిదీనా?" అని అడిగాడు. పోర్టులో ఉద్యోగం చేసినన్నాళ్లూ బొగ్గుపొడి పీల్చి ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. చల్లటి శుభ్రమైన గాలి ఆడుతున్నంతసేపే ఆయన మనిషి.

ఆ ప్రశ్నకి జవాబు తెలుసుకునే దారి ఆమెకి కనిపించలేదు.

భీమిలి తీరంలో ఇప్పుడు ఇళ్లన్నీ మూత బిగించిన డబ్బాలే. ఏడాదిలో సగం రోజులు వడగాలి మనిషిని బయట నిలబడనివ్వదు. కిటికీలు తెరుచుకోవు. తలుపు తీయాలంటే వరండాలో వేడి ఎంత ఉందో కేంద్రం చూసి, వెలుగులో మాటలు మోసే కాంతితీగ మీద సరేనని కబురు పంపాలి. ఏ ఇంటికి ఎంత చల్లగాలి వదలాలో చెప్పేదీ ఆ తీగే. గోడల్లో వేడిని ఆపే రేకులు మాటనీ ఆపేస్తాయి, గాలిలో వచ్చే సంకేతాన్నీ ఆపేస్తాయి. తీగ మూగబోతే ఇల్లు తనకి తానే జాగ్రత్తపడి తలుపు బిగించుకుంటుంది, గాలి తగ్గించుకుంటుంది. పిల్లలు తెలియక తెరిచేస్తున్నారని లోపలి పిడి తీసేశారు. అగ్నిప్రమాదం వస్తే తెరవడానికి బయటివైపు, గాజు మూత వెనక, ఒక ఎర్ర పిడి మాత్రం ఉంచారు.

ఇంతకు ముందు ఈ భవనానికి ఉన్నది పంచుతీగ. కేంద్రం నుంచి ఒకే తీగ వచ్చేది. కింద మెట్ల దగ్గర పంపకపు గాజు అనే చిన్న ముక్క ఆ వెలుగుని ముప్ఫై రెండు ఇళ్లకీ చీల్చి ఇచ్చేది. దానికి కరెంటు అక్కర్లేదు, తుపానొచ్చినా చెక్కుచెదరదు. చిక్కల్లా ఒకటే. ఇంటి నుంచి కేంద్రానికి కబురు పంపాలంటే ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ల ఇంట్లోని కాంతిపెట్టె మెరవాలి. ఏ ఒక్క పెట్టె అయినా చెడి ఆగకుండా వెలుగుతూ కూర్చుందంటే, ఆ వెలుగులో మిగతా అందరి కబుర్లూ కొట్టుకుపోయేవి.

పొరుగున ఉండే గేదెల పైడిరాజు ఇంట్లో పెట్టె చెడిన రోజు ఇందుమతి మరిచిపోలేదు. కేంద్రానికి భవనమంతా ఒక్కసారే మూగబోయినట్టు కనిపించింది. కేంద్రం మనుషులు పరుగున వచ్చి ఎర్ర పిడులు లాగి తలుపులన్నీ బార్లా తీశారు. ఎవరి పెట్టె తప్పో తేల్చడానికి ఒక్కో ఇంటిదీ పీకి చూడాలి. జనమంతా వరండాలోకి వచ్చారు. ఆమె పరీక్ష పాఠం పోయింది సరే, వంటింట్లోకి కూడా వచ్చి టీ తాగి, పోపుడబ్బా మూతలు తీసి చూసి, సలహాలు చెప్పి మరీ వెళ్లారు.

ఆమెకి ఒళ్లు మండింది. ఒంటితీగ కావాలని గడపగడపా తిరిగి అందరినీ ఒప్పించింది. ఒంటితీగంటే అంతస్తుకొక కరెంటు పెట్టె, దాన్నించి ఎవరింటికి వాళ్లదే వేరే తీగ. ఒకరి తప్పు మరొకరిని తాకదు. సన్యాసిరావు మాత్రం వద్దన్నాడు. "అందరిదీ ఒకేపాలి పోతే ఎవరో ఒకరు వొస్తారే. నీదొక్కటే పోతే ఎవులికి తెలుస్తాది?" అన్నాడు. ఆ మాట ఆమె చెవికెక్కించుకోలేదు.

ఒంటితీగ వచ్చాక ఎవరికి నచ్చినప్పుడు వాళ్లు తీగని కాసేపు ఆపుకుని మళ్లీ కలుపుకునే వీలు కలిగింది. అలా ఆపుకుంటే గుమ్మం మీద నీలిదీపం వెలుగుతుంది. నీలిదీపం వెలిగే గుమ్మంలో గంట ఎవరూ కొట్టరాదని భవన సంఘంలో నియమం పెట్టించింది కూడా ఇందుమతే. పెట్టించడమే కాదు, తప్పినవాళ్లని నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. కింది ఇంటి అప్పలనరసమ్మ ఆనపకాయ కూర పట్టుకొచ్చి గంట కొట్టినందుకు కంటనీరు పెట్టుకుని వెళ్లింది.

తీగని యజమాని ఆపాడా, అదే చచ్చిపోయిందా అన్నది దీపానికీ తెలియదు, కేంద్రానికీ తెలియదు. ఇప్పుడు తన గుమ్మం మీద నీలిదీపమే వెలుగుతూ ఉండాలి. అది తట్టగానే ఇందుమతి మళ్లీ తలుపు దగ్గరికి పరిగెత్తింది.

సాయంత్రానికి ఇల్లు ఉడికిపోయింది. సన్యాసిరావు మాట్లాడ్డం మానేసి ఊపిరి మీదే ధ్యాస పెట్టాడు. తడిగుడ్డ ఆయన గుండెల మీద మార్చి మార్చి వేస్తూ ఆమె తలుపుకున్న చూపుగాజు దగ్గరికీ మంచం దగ్గరికీ తిరిగింది.

ఒకసారి గాజులోంచి అప్పలనరసమ్మ కనిపించింది. మెట్లెక్కి వచ్చి నిలబడింది. గంట కొట్టబోతూ చెయ్యెత్తింది. ఇందుమతి రెండు చేతులతోనూ తలుపు బాదింది, పేరు పెట్టి అరిచింది. ఏదీ అవతలికి వినిపించలేదు. అప్పలనరసమ్మ తలెత్తి దీపం వంక చూసింది. ఎత్తిన చెయ్యి దించుకుని, అడుగుల చప్పుడు కూడా వినిపించకూడదన్నట్టు మెల్లగా వెళ్లిపోయింది.

ఇందుమతి తలుపుకి ఆనుకుని కూలబడి ఏడ్చింది.

తర్వాత కాంతిపెట్టె మూత ఊడదీసింది. పరీక్ష మీట నొక్కి పట్టి, పెట్టెని ఆగకుండా వెలిగించింది. పైడిరాజు పెట్టె అందరినీ ఆపగలిగినప్పుడు తనది ఆపలేదా?

సన్యాసిరావు కళ్లు తెరిచి చూశాడు. "ఆ రోజులు... పోయినాయే. నీ వెలుగు... నీ తీగలోనే ఉంటాది" అన్నాడు. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. అదే ఆమెకి ఎక్కువ కష్టమనిపించింది.

ఎవరి పనీ చెడలేదు. ఎవరి పాఠమూ ఆగలేదు. తను కోరి తెచ్చుకున్న సుఖమే అది.

తెల్లవారేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. ఇంకొకరికి కష్టం కలిగిస్తే తప్ప ఎవరూ రారని ఇందుమతికి అర్థమైపోయింది. స్నానాలగదిలో నీళ్లు పోయే దారిలో తువ్వాలు కుక్కి, కొళాయి పూర్తిగా తిప్పింది. నీళ్లు గడప దాటి గదిలోకి వచ్చాయి. ఆమె వాటిని చీపురుతో గోడ వారకి, పగుళ్లున్న మూలకి తోసింది.

కాసేపటికి కొళాయి ఆగిపోయింది. కింది ఇంటి ఫిర్యాదు అందుకుని కేంద్రం ఈ ఇంటి నీళ్లు బయటి గొట్టంలోనే కట్టేసింది. కేంద్రానికి సంబంధించినంత వరకు సమస్య తీరిపోయింది. మనిషి రావలసిన పని లేకుండా పోయింది. ఇక తాగడానికి కూడా చుక్క లేదు. ఇందుమతి చీపురు వదిలేసి, మంచం పక్కన తడి నేల మీదే కూర్చుని భర్త చెయ్యి పట్టుకుంది.

ఉన్నట్టుండి తలుపు అవతల గాజు పగిలింది. ఎర్ర పిడి కదిలి తలుపు ధడాలున తెరుచుకుంది.

గుమ్మంలో అప్పలనరసమ్మ. చేతిలో పెద్ద పళ్లెం, పళ్లెం నిండా నానిపోయిన గుమ్మడి వడియాలు. ఇంట్లోనే ఎండదీపం కింద ఆరబెట్టుకున్నవి. "ఒలమ్మ ఒలమ్మ! ఏటనుకుంతన్నావు టీచరమ్మా నువ్వు? ఆ కేంద్రపోడు నీళ్లు కట్టీసినామని సెప్పి సేతులు దులిపీసుకున్నాడు. మరి నా వడియాలు ఆడు పెడతాడా..." అంటూ లోపలికి వచ్చి, మంచాన్ని చూసి ఆగిపోయింది. పళ్లెం కింద పెట్టేసి, "ఓరి నాయనో, బాబుకేటైపోనాదే!" అని వరండాలోకి పరిగెత్తి కేకలు పెట్టింది.

మనుషులు వచ్చారు. ఊపిరి గొట్టం తగిలించి సన్యాసిరావుని మోసుకెళ్లారు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని, ఇప్పుడిక భయం లేదని వైద్యుడు చెప్పాడు.

ఆయన వెనకే వెళ్లబోతూ ఇందుమతి అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుంది. "నిన్న వచ్చి వెళ్లిపోయావు. నేను లోపల్నించి చూశాను. ఎందుకొచ్చావు నిన్న?"

"బాబు మా ఇంటికి పేకాటకి దిగలేదు. ఒంట్లో ఎలగున్నాదో అడుగుదారని వొచ్చినాను. నీలిదీపం ఉంది."

"ఇవాళ కూడా ఉందిగా."

"ఉంటే?" అప్పలనరసమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఇయ్యాల తగువాడ్డానికి గదా వొచ్చినాను. తగువుకొచ్చినోలికి దీపాలేటి టీచరమ్మా? ఎలగున్నారని అడగడానికైతే వొచ్చీదాన్నే కాను."