ముళ్ళు గొరిగిన వైరస్

శ్రీపతి భార్యను చంపింది అతను పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంటు. నర్సైన ఆ భార్యకు, వేదవతికి, పనికిరాని టీకా పొడిచి, జ్వరాల వార్డులోకి తోలింది. తొమ్మిదో రోజున ఆమె ఊపిరాడక పోయింది. ఇందులో వాదించేందుకు ఏమీ లేదు.

ఇరవై రెండు రోజుల తరువాత, 1969 డిసెంబరులో ఒక ఉదయం, చిక్కడపల్లి కాఫీ హోటల్లో శ్రీపతి పురోహితుడి వేషంలో కూర్చున్నాడు. అశోక్‌నగర్‌లో విదేశీ ముఠా దిగిన ఇంటిమీద నిఘాకోసం వేసిన వేషం. పంచాంగంలో కెమెరా. రాగిచెంబులో ట్రాన్స్‌మిటర్.

"పుష్యమి ఎప్పుడండీ?" అంటూ చీఫ్ వీరరాఘవరావు ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్ననే వెళ్ళిపోయింది."

కోడ్ సరిపోయింది. చీఫ్ ఒక ఫోటో జరిపాడు. గుండ్రటి మచ్చ, చుట్టూ ముళ్ళు.

"కరోనా వైరస్. ఆ జ్వరాల వార్డు జబ్బు దీనిదే. ఆ ముళ్ళే స్పైకులు. వాటితోనే మన కణాన్ని పట్టుకుని లోపలికి దూరుతుంది. నారాయణగూడ లాబ్‌లో వైరస్‌ను చంపి, ముళ్ళు చెడకుండా టీకా చేశారు. ఒళ్ళు ఆ ముల్లును గుర్తుపెట్టుకుంటుంది. అసలు వైరస్ వస్తే యాంటీబాడీలు ముల్లుకే అతుక్కుని, కణాన్ని పట్టనివ్వవు."

"ముళ్ళు లేకపోతే?"

"బోడి వైరస్. జబ్బూ రాదు, రక్షణా రాదు. మొదటి లాట్‌ను ఎవరో గొరిగేశారు. అనాసపండు నుంచి తీసిన ఎంజైమ్‌తో. చూస్తే పసుపచ్చ పొడి. గేటు దగ్గర అందరినీ సోదా చేస్తారు. లోపలికి ఎలా వెళ్ళిందో!"

శ్రీపతి గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు ఆ గేటు కాపలా డ్యూటీ తనది; కాపలావాణ్ణి ఎవరూ సోదా చెయ్యరు. లాబ్‌లో డిపార్ట్‌మెంటు పెట్టిన ఏజెంటు రాజకుమారి. నైలాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. "అజీర్తి చూర్ణం శ్రీపతిగారూ! గేటుకాడ నన్నైతే డబ్బ ఇప్పిచ్చి పరేషాన్ చేస్తరు. మీరు జర పట్కపోండి" అని నవ్వింది. ఆ నవ్వుకు మురిసి, వేదవతి సర్దిన టిఫిన్ కారియర్లో పెట్టుకుని లోపలికి మోశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"రెండో లాట్ ఇవాళ పదకొండింటికి. నలభైమంది నర్సులు" అన్నాడు చీఫ్. "రుజువు చూపిస్తేనే పైవాళ్ళు ఆపుతారట."

అప్పుడే నోరు విప్పితే అదే రుజువు. శ్రీపతి విప్పలేదు.

చీఫ్ రెండు సీసాలు, రెండు గాజుగొట్టాలు ఇచ్చాడు. "ఒకటి మంచి నమూనా. రెండోది ఇవాళ్టిది. కోడినెత్తురులో కలుపు. ముళ్ళుంటే కణాలను పట్టుకుని వలలా పరుస్తాయి. లేకపోతే నెత్తురు అడుగున చుక్కై దిగుతుంది. లాబ్‌లో నేనెవరినీ నమ్మను."

మార్కెట్లో కోళ్ళ పీరయ్య కత్తి ఆపి చూశాడు.

"ఏంది పంతులూ, కోడి నెత్తురా? ఏ దేవునికి?"

"దేవుడికి కాదు. పరీక్షకి."

"అందరు గట్లనే అంటరు. కూర గూడ గావాల్నంటే ఇంటెన్కకు రా. ఎవ్వలకు జెప్ప."

దుకాణం వెనక, కోళ్ళ గంప పక్కన అరగంట కూర్చున్నాడు. మొదటి గొట్టంలో నెత్తురు పలచగా పరుచుకుంది. రెండో దాంట్లో అడుగుకు దిగింది. వేదవతి పెట్టుకునే బొట్టంత చుక్క.

రిక్షా నారాయణగూడ చేరేసరికి పదకొండుకు రెండు నిముషాలు. హాల్లో నర్సులు వరుసకట్టారు. ట్రే పట్టుకుని రాజకుమారి. డాక్టరు మొదటి నర్సు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపండి!"

"ఎవరీ పంతులు? బయటికి పంపండి" అన్నాడు డాక్టరు.

రాజకుమారి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "డబ్బ మోసింది నువ్వే. నోరు తెరిస్తె ఇద్దరం పోతం. సప్పుడు జెయ్యక ఇంటికి పో."

సూది చర్మాన్ని తాకింది.

"ఆ టీకాను పాడుచేసింది ఈమె!" శ్రీపతి అరిచాడు. "ఆ పొడి గేటు దాటించింది నేను. మొదటి లాట్‌కు నా భార్యే పోయింది!"

నర్సు చెయ్యి లాక్కుంది. ట్రే కింద పడింది. రాజకుమారి హాండ్‌బాగ్‌లోంచి పిస్తోలు తీసేలోపు రాగిచెంబు ఆమె మణికట్టుమీద పడింది. ట్రాన్స్‌మిటర్లో అంతా విన్న చీఫ్ మనుషులు తలుపు తోసుకొచ్చారు. ఆమెను కొన్న అశోక్‌నగర్ ముఠా మధ్యాహ్నానికి లాకప్‌లో ఉంది.

సాయంత్రం చీఫ్ రిపోర్టు రాస్తూ అన్నాడు: "డబ్బా సంగతి రాయనులే. డిపార్ట్‌మెంటు పరువు. మెడల్ కూడా వస్తుందయ్యా."

"దేనికండీ? మోసినందుకా, దించినందుకా?"

చీఫ్ కలం ఆగింది. "పోనీ, అసలేం జరిగిందో వివరంగా చెప్పు."

శ్రీపతి లేచాడు.

"నలభైమంది ముందు చెప్పాను. అదే మొదలు, అదే ఆఖరు. ఈ ముక్క ఇంక నా నోట ఎవరూ వినరు."