పేరు చెప్పని సాక్షి

"మళ్లీ కండ్లు మూసుకున్నాడు! చూడన్నా, మళ్లీ మూసుకున్నాడు!"

హిందూపురం ఫొటో స్టూడియోలో బెంచీ మీద కూర్చున్న నీలావతి పకపకా నవ్వింది. కుర్చీలో కొయ్యబారి కూర్చున్న హనుమంతుకు మాత్రం వీపంతా చెమట. నల్లగుడ్డ కిందినుంచి ఫొటోగ్రాఫర్ తల బయటపెట్టి, "ఏమప్పా, నేనేమన్నా తుపాకీ పెట్టినానా? ఎందుకట్ల బిగుసుకుంటావు?" అని విసుక్కున్నాడు.

నిజం చెప్పాలంటే హనుమంతుకు అది తుపాకీలాగే కనిపిస్తోంది. ఫొటో తీయించుకుంటే ఆయుస్సు తగ్గుతుందని వాళ్లమ్మ ఆదిలక్ష్మమ్మ బయల్దేరేటప్పుడు ఒకటే ఏడుపు. కొలంబోకి పోవాలంటే పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టుకు ఫొటో కావాలి, ఏం చేస్తాడు పాపం!

హనుమంతుది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. అతను నేసిన చీర అంచు చూసి మురిసిపోయిన కొలంబో బట్టల వ్యాపారి ఒకాయన, అక్కడ ప్రదర్శన పెడుతున్నాం, నెలరోజులు మా ఇంట్లో అతిథిగా ఉండి ఊరు చూసి పొమ్మని కబురు పెట్టాడు. ఇదివరకైతే టికెట్టు కొనుక్కుని ఎక్కేయడమే. ఇప్పుడు మన దేశానికీ స్వతంత్రం వచ్చింది, ఆ దీవికీ వచ్చింది. దాంతోపాటే పాస్‌పోర్టూ వీసా కూడా వచ్చాయి.

నీలావతిది ఎదురిల్లు. ఆమె తండ్రి గంగాధరప్ప హనుమంతుకు వరసకు మేనమామ. పట్టునూలు కొనడానికి ఆయన హిందూపురం వస్తూ వీళ్లిద్దర్నీ వెంటబెట్టుకొచ్చాడు. పిల్లాడికి ఫొటో, పిల్లకు పెద్దమ్మ ఇల్లు. నూలు బేరం తెమలక, కూతుర్ని ఈ స్టూడియోలో కూర్చోబెట్టి పోయాడు.

"ఇదిగో, ఈసారన్నా కండ్లు తెరువు" అంది నీలావతి.

"ఇదిగో ఏంది, ఇదిగో? నాకు పేరు లేదా?"

నీలావతి మూతి తిప్పుకుంది.

ఈ 'ఇదిగో' అతన్ని ఉగాది నుంచీ పీక్కుతింటోంది. అంతకుముందు ఆ పిల్ల వీధి ఈ చివర నిలబడి "ఒరే హనుమంతూ!" అని కేకేస్తే ఆ చివర మగ్గాలు ఆగిపోయేవి. ఉగాదికి కొలంబో కబురు వచ్చాక ఒక్కసారంటే ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు. తన మీద ఏదో కోపం పెట్టుకుందని హనుమంతు తేల్చేసుకున్నాడు. ఎందుకో అడగడానికి మాత్రం నోరు రాదు.

కోపమొచ్చి ఈసారి కళ్లు ఎంత పెద్దవి చేయగలడో అంత పెద్దవి చేశాడు. ఫొటో పడింది. కాగితం మీద అచ్చయి వచ్చినవాడు నడిరోడ్డు మీద దయ్యాన్ని చూసినవాడిలా ఉన్నాడు.

"అయ్యో రామా, ఈయన ఎవరు?" అని నీలావతి మళ్లీ నవ్వింది. ఆ ఫొటో ముందుముందు ఎంత పని చేస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు.

ధర్మవరంలో ఇక చూడాలి సందడి. "హనుమంతు లంకకు పోతాండాడంట! తోక యాడప్పా? గుడ్డలు చుట్టుకుని పో!" అని కనపడిన ప్రతివాడూ వేళాకోళమే. హనుమంతు నవ్వేవాడు. నవ్వి ఇంట్లోకొచ్చి మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోగానే ఓడ గుర్తొచ్చి చేతిపని ఆపేసేవాడు. చిత్రావతిలో మోకాలి లోతు నీళ్లకే గుండె జారే మనిషి, సముద్రం మీద ఎట్లా పోతాడు? అమ్మవారు రాకుండా టీకా వేయించుకుంటే చెయ్యి బూరెలా ఉబ్బి జ్వరమొచ్చింది. ఆ జ్వరంలో ఓడ మునిగిపోయినట్టు కలవరించాడు.

పోనని చెప్పేయొచ్చు. కానీ ధర్మవరం చీర సముద్రం దాటి నలుగురి కళ్లల్లో పడే సందర్భం మళ్లీ వస్తుందా? తన చేతిపని మీద తనకున్న ఆశ అంతా ఇంతా కాదు. పోవాలనీ ఉంది, చచ్చేంత భయంగానూ ఉంది.

జ్వరం తగ్గిన సాయంత్రం నీలావతి వాళ్ల అరుగు దగ్గరికి వెళ్లాడు. ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. పక్కనే ఆమె నాయనమ్మ కుళ్ళాయమ్మ అవ్వ కునికిపాట్లు పడుతోంది.

"పాస్‌పోర్టు విచారణకు పెనుకొండ ఆఫీసుకు రమ్మన్నారు. మీ నాయన సాక్షిగా వస్తాండాడు" అన్నాడు.

"ఊఁ."

"ఊఁ అంటే?"

రాట్నం ఆగింది. "ఆ కాగితాలు రాకుంటే బాగుండు" అంది నీలావతి, తల ఎత్తకుండానే.

హనుమంతు మొహం మాడిపోయింది. "అంత కడుపుమంటనా నీకు? నేను బాగుపడితే చూడలేవా?"

"మా చిన్నాయన కూడా బాగుపడేదానికే పాయె."

ఆ మాటతో అవ్వ కళ్లు తెరిచింది. అవ్వ చిన్నకొడుకు మారెప్ప చీరల మూట నెత్తిన పెట్టుకుని రంగూన్‌కు పోయినవాడు. యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డాక మళ్లీ కబురు లేదు. చనిపోయాడని దినం చేయడానికీ మనసొప్పదు, వస్తాడని ఆశపడటానికీ ధైర్యం చాలదు. అన్నం తినేముందు అవ్వ ఇప్పటికీ ఒకసారి గుమ్మం వైపు చూస్తుంది.

"నేను వస్తాలే" అన్నాడు హనుమంతు. ఆ మాట తన చెవికే నమ్మకంగా వినిపించలేదు.

నీలావతి మొహం పక్కకు తిప్పుకుని, "ఇదిగో, పోయి పడుకో. జ్వరం మళ్లీ తిరగబెడుతుంది" అంది.

విచారణ రోజు రైల్లో నలుగురు ఎక్కారు. పెనుకొండ బాబయ్య దర్గాలో మొక్కుకోవాలని అవ్వ పట్టుబట్టింది. అవ్వకు తోడు నీలావతి. ఆఫీసు వరండాలో ఆడవాళ్లిద్దరూ ఓ మూల కూర్చున్నారు. బయట ఆకాశం నల్లగా ముసురుకుంటోంది. మామా అల్లుళ్లు లోపలికి వెళ్లారు.

విచారణ అధికారి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. కళ్లజోడు పైనుంచి హనుమంతును చూశాడు, కింద ఫొటోను చూశాడు, మళ్లీ హనుమంతును చూశాడు.

"ఇది నువ్వేనా?"

"నేనే సార్." హనుమంతు తల వంచుకుని చెప్పాడు.

"నువ్వేమో నోట్లో నాలుక లేనట్టున్నావు. వీడెవడో గుడ్లురిమి చూస్తున్నాడు. ఎక్కడా పోలికే లేదే!"

"మావాడే సార్. నా కండ్ల ముందర పుట్టినోడు" అన్నాడు గంగాధరప్ప.

"మీరు అలాగే అంటారు. తీసుకొచ్చిన సాక్షి మరొకలా ఎందుకంటాడు? మొన్నొకచోట అన్న కాగితాలతో తమ్ముడు ఓడెక్కాడు. సంతకం పెట్టినవాడి ఉద్యోగం ఊడింది." అధికారి లేచి కిటికీలోంచి తొంగిచూశాడు. "ఆ కూర్చున్న అమ్మాయి మీ ఊరేనా? పిలవండి. మీరిద్దరూ నోరు మెదిపారంటే కాగితాలు చింపేస్తాను."

నీలావతి కొంగు భుజం చుట్టూ కప్పుకుని లోపలికొచ్చింది. హనుమంతుకు ప్రాణం లేచివచ్చింది. ఫొటో ఎవరు నమ్మినా నమ్మకున్నా, ఈ పిల్లకు తను తెలియకపోవడమేమిటి?

"ఈ మనిషి నీకు తెలుసా అమ్మాయీ?"

"తెలుసు సార్."

"ఎప్పట్నుంచి?"

"నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచి."

"ఎక్కడుంటాడు?"

"మా ఎదురింట్లో."

"మంచిది. పేరేమిటి?"

నీలావతి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"పేరమ్మా, పేరు!"

ఆమె బొటనవేలితో నేల రాస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు గట్టిగా బిగించుకుంది.

ఏమైందీమెకు? వీధి అదిరిపోయేట్టు పిలిచిన పేరే కదా! ఒక్కమాట. ఆ ఒక్కమాట అంటే తను ఓడెక్కుతాడు, అనకపోతే దొంగై నిలబడతాడు. కాగితాలు రాకుంటే బాగుండునంది కదూ? అంటే ఇదా? ఇంత పగ పెట్టుకుందా తన మీద?

"నీలా..." అన్నాడు హనుమంతు.

"నిన్ను మాట్లాడొద్దన్నాను!" అధికారి బల్ల మీద చరిచాడు. "బుద్ధి తెలిసినప్పట్నుంచి తెలుసంటుంది, పేరడిగితే చెప్పదు. ఏమయ్యా పెద్దమనిషీ, నీ వయసుకు ఇదేం పని? దొంగసాక్ష్యానికి ఏమవుతుందో తెలుసా?"

"చెప్పవే తల్లీ, నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని గంగాధరప్ప గోడ పట్టుకున్నాడు. నీలావతి కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి గానీ నోటిలోంచి మాట రాలేదు. అధికారి కలం సిరాలో ముంచాడు.

"ఆపండి సామీ!"

గుమ్మంలో కుళ్ళాయమ్మ అవ్వ. చేతికర్రతో సహా లోపలికి వచ్చేసింది.

"ఏం సార్, చదువుకున్న మారాజులు, పిల్ల నోట మొగుని పేరు పలికిస్తారా? అందులోనూ సముద్రం మీద పోయే మనిషి. పేరెత్తితే ఆయబ్బకు ఆయుస్సు తగ్గదా? మీ ఇంట్లో అమ్మ మీ పేరు పెట్టి పిలుస్తుందా?"

కలం గాలిలోనే ఆగింది.

"మొగుడా?" గంగాధరప్ప నోరు వెళ్లబెట్టాడు. "యావని మొగుడు? ఎప్పుడాయె పెండ్లి?"

"కాలేదులే. నువ్వు మగ్గం గుంతలోంచి తలెత్తితే గదా నీకు ఏమన్నా కనపడేది! ఉగాది నుంచి ఈ పిల్ల ఆయబ్బ పేరెత్తితే ఒట్టు. మన వీధిలో ఆంజనేయస్వామి గుడి ఉండాదా, దాన్ని గూడా ఆ గుడి, ఆ గుడి అంటాంది. మనసులో ఎప్పుడో తాళి కట్టించుకుంది. నాకు తెలీదనుకుంది ముండ."

"అవ్వా!" నీలావతి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

హనుమంతుకు తల తిరిగింది. ఇన్నాళ్లూ కోపమనుకున్నది ఇదా? 'ఇదిగో' అన్న ప్రతిసారీ తను ఉడుక్కున్నాడే! నిలబడ్డచోటే నేలలోకి దిగబడిపోతే బాగుండుననిపించింది. ఎగిరి గంతెయ్యాలనీ అనిపించింది.

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెదవి చివర నవ్వు దాచుకోవడానికి చాలా అవస్థపడ్డాడు. "అదంతా బాగానే ఉందమ్మా. నేను కాగితం మీద ఏం రాసుకోను? పేరు చెప్పలేదు కాబట్టి మొగుడే అని రాయనా?"

బయట వాన మొదలైంది. నీలావతి మెల్లగా చేతులు దించింది. అధికారి వైపు కాదు, హనుమంతు వైపు తిన్నగా చూసింది. ఆ చూపులో బెదురు ఎంతుందో మొండితనమూ అంతే ఉంది.

"సముద్రం దాటి లంకకు పోయినాయప్ప పేరే సార్" అంది.

అధికారి నవ్వుతూ రాయబోయాడు.

"ఉండండి సార్." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "పోయి, తిరిగొచ్చినాయప్ప పేరు."

అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అధికారి నవ్వు మానేసి, చాలా శ్రద్ధగా, హనుమంతు అని రాశాడు.

వాన తగ్గేదాకా వరండాలో నిలబడ్డారు. గంగాధరప్ప మొదట గొణిగాడు, తర్వాత మీసం దువ్వాడు, చివరికి, "పాస్‌పోర్టు రానీ, తాంబూలాలు పుచ్చుకుందాం. పెండ్లి మాత్రం వీడు తిరిగొచ్చినంకనే. మళ్లీ ఇంకొకరు గుమ్మం చూస్తా కూర్చునేది నా వల్ల కాదు" అన్నాడు. హనుమంతు వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాడు.

చూరు నీళ్లు ధారగా పడుతున్నచోట నీలావతి అరచేయి చాపి నిలబడి ఉంది. హనుమంతు కాస్త దూరంగా నిలబడ్డాడు.

"నాకు భయంగా ఉండాది నీలా. నిజంగా. పోనని చెప్పేనా?"

"నాకూ భయమే. అయినా పో. ఫొటోలో కండ్లు తెరిచినట్టు అక్కడ గూడా తెరుచుకుని అన్నీ చూసి రా."

"ఒక్కసారి పేరు పెట్టి పిలువు. మళ్లీ అడగను."

"ఇంక ఈ జన్మకు లేదు" అని వాననీళ్లు అతని మొహాన చల్లి అవ్వ వెనక్కి పారిపోయింది.

పాస్‌పోర్టు వచ్చింది. మద్రాసులో వీసా ముద్ర పడింది. ధనుష్కోటి దగ్గర స్టీమరెక్కిన హనుమంతు అవతలి ఒడ్డు వచ్చేదాకా కమ్మీ వదల్లేదు. కొలంబోలో జనం అతను నేసిన అంచును వేళ్లతో తడిమి తడిమి చూశారు. వచ్చేటప్పుడు గాలివాన పట్టుకుంది. స్టీమరు ఒకపక్కకు ఒరిగిన ప్రతిసారీ, 'తిరిగొచ్చినాయప్ప పేరు, తిరిగొచ్చినాయప్ప పేరు' అని లోపల అనుకుంటూ కూర్చున్నాడు.

ధర్మవరంలో రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం నిండా జనం. మూటలు, కేకలు, తోపులాట. హనుమంతు అటు చూశాడు, ఇటు చూశాడు. తెలిసిన మొహం ఒక్కటీ కనిపించలేదు. సముద్రం మీద కూడా పుట్టని భయం అప్పుడు పుట్టింది. రాలేదా? ఇంట్లో ఏమన్నా అయిందా? ఆమెకేమన్నా...

"ఇదిగో!"

ఆ గోలలో ఆ పిలుపు ఎవరి చెవిన పడిందో, ఎవరు పట్టించుకున్నారో. వెనక్కి తిరిగినవాడు మాత్రం హనుమంతు ఒక్కడే.